వార్తల్లో పదం: స్విస్ పద్ధతి
2024 డిసెంబరు, న్యూయార్క్. ప్రపంచ మహిళల ర్యాపిడ్ చెస్ మొదటి రౌండులోనే మన కోనేరు హంపి ఓడిపోయింది. నాకౌట్ అయితే కథ అక్కడితో సరి. స్విస్ పద్ధతి కాబట్టి 11 రౌండ్లూ ఆడి, 8.5 పాయింట్లతో టైటిల్ గెలిచింది.

ఇందులో ఓడినా ఎవరినీ ఇంటికి పంపరు. ప్రతి రౌండుకూ వీలైనంతవరకు సమాన పాయింట్లున్నవారిని జత చేస్తారు. ఒకసారి తలపడినవారు మళ్లీ ఎదురుపడరు. పిల్లల్ని చెస్ పోటీలకు తిప్పే తల్లిదండ్రులకు ఇది తెలిసిందే. 1895లో జూరిచ్‌లో పుట్టిన ఈ పద్ధతినే పోకెమాన్, మ్యాజిక్ కార్డుల పోటీలూ వాడుకుంటున్నాయి: ముందు స్విస్ రౌండ్లు, పెద్ద పోటీల్లో ఆపై మొదటి ఎనిమిది మందికి నాకౌట్. మంచి ముక్కలు పడక ఓడిన ఒక్క ఆటతో వెళ్లగొట్టకపోవడమే న్యాయం.

పాయింట్లు సమానమైతే? మనతో తలపడినవాళ్లు ఎన్ని గెలిచారో చూస్తారు. మనల్ని ఓడించినవాడు తర్వాత గెలుస్తూ పోతే మనకే మేలు.