మీకు తెలుసా? సర్క్యూట్ ఆగి ఆగి పనిచేస్తే తప్పు ప్రోగ్రామ్‌ది కాకపోవచ్చు!

మీరు కట్టిన సర్క్యూట్ కాసేపు చక్కగా నడిచి, ఆగిపోయి, కొంతసేపటికి దానంతటదే మళ్లీ మొదలవుతోందా? ముందుగా 7805 రెగ్యులేటర్‌ను చూడండి.

మూడు కాళ్ల ఈ చిప్ ఎక్కువ వోల్టేజీని 5 వోల్టులకు దించుతుంది. దించిన భాగమంతా వేడిగా మారుతుంది. 12 వోల్టుల అడాప్టర్ నుంచి అర ఆంపియర్ తీసుకుంటే లెక్క ఇది: (12 – 5) × 0.5 = 3.5 వాట్ల వేడి. సర్క్యూట్‌కు అందేది 2.5 వాట్లే!

హీట్ సింక్ లేకుంటే చిప్ కాలిపోయేంత వేడెక్కుతుంది. అప్పుడు తనను తాను కాపాడుకోవడానికి సరఫరా ఆపేస్తుంది. చల్లారాక మళ్లీ ఇస్తుంది.

ఇలా చేయండి:

• హీట్ సింక్ బిగించండి. వేడి చిప్‌ను వేలితో ముట్టుకోవద్దు.

• 9 వోల్టుల అడాప్టర్ వాడితే వేడి 2 వాట్లకు తగ్గుతుంది.

• 7 వోల్టుల కంటే దిగువకు వెళ్లొద్దు. ఈ చిప్‌కు సుమారు 2 వోల్టులు అదనంగా అందాలి.

• మోటార్లు, ఎల్ఈడీలు పనిచేస్తుండగానే మల్టీమీటర్‌తో వోల్టేజీ కొలవండి. లోడ్ లేనప్పుడు కనిపించే 5 వోల్టులను నమ్మకండి.

• కరెంటు ఎక్కువ కావాలంటే బక్ కన్వర్టర్ మేలు. అది చాలా తక్కువ శక్తిని వృథా చేస్తుంది.