నక్షత్రాల దారిలో మిర్చి బస్తాలు: అంతరిక్ష కథాక్రీడకు నియమావళి ఎంపిక

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆట అంటే, నలుగురైదుగురు బల్ల చుట్టూనో చాప మీదనో కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో కల్పిత పాత్ర తరఫున మాట్లాడుతూ, ఫలితం ఎటు తేలుతుందో తెలియని చోట పాచికలు వేసి తేల్చుకుంటూ, అందరూ కలిసి ఒక కథను నడిపే క్రీడ. వారిలో ఒకరు నిర్వాహక స్థానంలో ఉండి కథాలోకాన్నీ, అందులోని ఇతర మనుషులనూ, ఎదురయ్యే చిక్కులనూ వర్ణిస్తారు; ఆ వ్యక్తిని గేమ్ మాస్టర్ అంటారు. అవే పాత్రలతో వారాల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగే కథామాలికకు క్యాంపెయిన్ అని పేరు. ఏ పనికి ఎన్ని పాచికలు వేయాలి, ఎంత పడితే గెలుపు, దెబ్బ తగిలితే ఏమవుతుంది, డబ్బు ఎలా వస్తుంది, ఎలా పోతుంది అని చెప్పే నిబంధనల సముదాయమే సిస్టమ్, అంటే నియమావళి.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల పేరిట వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఈ క్రీడకు ఆద్యం. అది కత్తులూ మంత్రాలూ ఏలే లోకం. 1976లో జేమ్స్ వార్డ్ రచించిన మెటమార్ఫోసిస్ ఆల్ఫా ఆటగాళ్లను ఒక మహా అంతరిక్ష నౌకలోకి ఎక్కించగా, మరుసటి ఏడు మార్క్ మిల్లర్ రూపొందించిన ట్రావెలర్‌తో గ్రహాల మధ్య రాకపోకలు, బేరసారాలు, కొలువులు, అప్పులు అన్నీ ఆటలోకి వచ్చాయి.

గుంటూరు, ప్రకాశం నల్లరేగడి మైదానాల పాఠకులకు ఈ క్రీడ పేరు కొత్త కావచ్చు గాని, దాని వెనుక ఉన్న సూత్రం కొత్తది కాదు. అవధానంలో పృచ్ఛకుడు ఏ వస్తువునైనా ఇవ్వవచ్చు, శ్రీహరికోట రాకెట్ మీద ఉత్పలమాల చెప్పమని అడగవచ్చు. అవధాని మాత్రం గణాలు, యతిప్రాసల కట్టడిని దాటకూడదు. నరసరావుపేట చేరువలోని కొప్పరానికి చెందిన కొప్పరపు సోదర కవులు ఆశుకవిత్వంతో సభలను ఊపినప్పుడు, వారి ధారకు ఆ కట్టడి అడ్డుగా నిలవకపోగా తరువాతి పాదం ఎటు నడవాలో చూపే దారిగా పనిచేసింది. అయినా ప్రతి వస్తువుకూ ప్రతి ఛందస్సూ నప్పదు. శ్రీనాథుడిదిగా ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్ర ద్విపదలో నడిచిందంటే, దీర్ఘమైన కథను పాడుకుంటూ పోవడానికి ద్విపద అనువైనది కావడమే అందుకు కారణం. నియమావళి ఎంపికలోనూ తేల్చుకోవలసింది ఇదే.

మలుచుకోదగిన నియమావళి కావాలని కోరేవారిలో చాలామంది, అన్నింటికీ నిబంధనలున్న లావుపాటి పుస్తకమే అటువంటిదని భావిస్తారు. ఇది సరైన కొలత కాదు. నియమావళి ఏ విషయం మీద ఎక్కువ పుటలు, ఎక్కువ పాచికలు వెచ్చిస్తుందో ఆట ఆ వైపే వాలుతుంది. పోరాటానికి నూరు పుటలు, బేరానికి అర పుట ఇచ్చిన పుస్తకంతో ఆడితే, వర్తకుల కథ మొదలుపెట్టినవారు కూడా మూడో వారానికి తుపాకులు పడతారు. కాబట్టి క్యాంపెయిన్‌లో ప్రతి వారమూ పాత్రల మీద పడవలసిన ఒత్తిడి ఏమిటో ముందుగా నిర్ణయించుకుని, ఆ ఒత్తిడిని నియమాలే కలిగిస్తున్నాయా, అక్కరలేని భాగాన్ని తీసి పక్కన పెడితే మిగిలినది కూలకుండా నిలుస్తుందా అని చూడటమే సరైన పరీక్ష.

ఈ నేల నుంచి పుట్టే అంతరిక్ష కథ ఎలా ఉండవచ్చునో ఊహిస్తే మొదట తట్టేది సరుకు. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎత్తిన రైతుకు పంట పండించడం సగం పనే; ధర పడితే ఆ రోజే అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి నిరీక్షించాలా, పెట్టుబడికి తెచ్చిన అప్పు మీద వడ్డీ అప్పటిదాకా ఆగుతుందా అన్నది మిగిలిన సగం. ఈ ఒత్తిడిని ట్రావెలర్ అంత సూటిగా పట్టుకున్న నియమావళి మరొకటి లేదు. దాని తొలి పుస్తకాల లెక్క ప్రకారం ఫ్రీ ట్రేడర్ అనే చిన్న వర్తక నౌక ఖరీదు 3,70,80,000 క్రెడిట్లు. ఐదో వంతు ముందుగా చెల్లించి, ఆపై ప్రతి నెలా ఖరీదులో 240వ వంతు, అంటే 1,54,500 క్రెడిట్ల చొప్పున 480 నెలలు కడితే, 40 ఏళ్ల తరువాత నౌక సొంతమవుతుంది. అప్పటికి చెల్లించిన మొత్తం అసలు ఖరీదుకు 220 శాతం. సరుకు గదిలో 82 టన్నులు పడతాయి, టన్నుకు కిరాయి 1,000 క్రెడిట్లు. నక్షత్రం నుంచి నక్షత్రానికి చేసే ఒక్కో గెంతుకు వారం, రేవులో సరుకు దింపి ఎక్కించడానికి మరో వారం పడుతుంది కనుక నెలకు రెండు ప్రయాణాలు, నిండుగా నింపితే 1,64,000 రాబడి. వాయిదా పోగా మిగిలేది 9,500; అది నౌక నడిపే పైలట్‌కు 6,000, ఇంజనీరుకు 4,000 జీతం ఇవ్వడానికే చాలదు. ఇంధనం, మరమ్మతులు ఇంకా లెక్కలోకి రానేలేదు.

ఆట ఇక్కడే మొదలవుతుంది. కిరాయితో గడవదు కనుక ప్రయాణికులను ఎక్కించుకోవాలి, లేదా సొంత డబ్బుతో సరుకు కొని వేరే గ్రహంలో ధర పలికించుకోవాలి, అదీ కుదరకపోతే చట్టం ఒప్పుకోని పెట్టెను మారు మాట్లాడకుండా ఎక్కించుకోవాలి. గేమ్ మాస్టర్ విలన్‌ను సృష్టించనవసరం లేకుండానే నెలాఖరు ఆ పని చేస్తుంది. పైగా ఈ లోకంలో కబురు నౌక కంటే వేగంగా వెళ్లదు; బయలుదేరిన నాటి ధరను నమ్ముకుని వారం ప్రయాణించి చేరేసరికి, రేవులో మరో రెండు నౌకలు అదే సరుకు దింపి ఉండవచ్చు. యార్డులో వేకువనే వాహనాల వరుస చూసి ఆ రోజు ధరను అంచనా కట్టే వ్యాపారికి ఈ నిబంధనను విడమరచి చెప్పవలసిన పని లేదు.

ట్రావెలర్‌లో పాత్ర తయారీ కూడా విశిష్టమైనది. ఆటగాడు తన పాత్ర గతాన్ని నాలుగేళ్ల విడతలుగా, నౌకాదళంలోనో వర్తకంలోనో కొలువు చేయిస్తూ, పాచికలతో నిర్మిస్తాడు. 1977 నియమాల ప్రకారం ఆ దశలోనే పాత్ర మరణించవచ్చు కూడా. యౌవనపు వీరుడికి బదులు, నడివయసులో కొంత నైపుణ్యంతో, కొంత భారంతో బయటికి వచ్చిన మనిషి దొరుకుతాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న మాంగూస్ సంస్థ కూర్పులో పనులు తేల్చే సూత్రం రెండు పాచికల మొత్తం 8 గాని అంతకు మించి గాని రావడం. ఏమీ కలపకుండా అయితే 36 అవకాశాలలో 15, నైపుణ్యం రెండు కలిస్తే 26. ఈ కుటుంబానికే చెందిన సెఫియస్ ఇంజన్ 2016లో బహిరంగ లైసెన్సుతో వెలువడింది, కాబట్టి ఇతరులు దానిని మార్చి, తమ లోకానికి తగ్గట్టు తిరగరాసి ప్రచురించుకోగలరు.

ఎక్కువ విస్తృతి కోరేవారు సహజంగా గర్ప్స్ వైపు చూస్తారు. 1986లో స్టీవ్ జాక్సన్ గేమ్స్ తెచ్చిన ఈ నియమావళి ఏ యుగానికైనా, ఏ లోకానికైనా పనికి వచ్చేలా రూపొందింది. మూడు పాచికల మొత్తం పాత్ర నైపుణ్య సంఖ్యను మించకపోతే పని నెరవేరుతుంది. వాయువు లేని చంద్రుడి మీద గెంతడం మొదలు పాత పరారీ కేసు పీడించడం దాకా దేనికైనా అందులో కొలత ఉంది. అయితే ఆ సంపద అంతా మూసిన గోదాములా ఉంటుంది: ఏది బయటికి తీయాలో, ఏది లోపలే ఉంచాలో గేమ్ మాస్టర్ మొదటి వారానికి ముందే తేల్చుకోవాలి. ఆ ఓపిక ఉన్నవారికి అది గొప్ప సాధనం, లేనివారికి మోయలేని బరువు.

సరుకు కాకుండా పౌరుషం ప్రధానమైన కథ కావాలంటే దారి మారుతుంది. కోడిపందెంలో ఓడి మాచర్ల వారు వలస పోవడం, గడువు తీరాక రాజ్యభాగం దక్కకపోవడం, రాయబారం వెళ్లిన అలరాజు హతుడు కావడం, చివరికి కారంపూడి రణరంగం: ఈ పల్నాటి గాథను రెండు గ్రహాల కథగా మలచడానికి అడ్డేమీ లేదు. కెవిన్ క్రాఫర్డ్ 2010లో ప్రచురించిన స్టార్స్ వితౌట్ నంబర్ ఇందుకు చక్కగా అమరుతుంది, ఎందుకంటే అందులో పాత్రలతో పాటు పక్షాలకు కూడా బలం, యుక్తి, ధనం అనే అంకెలుంటాయి. రెండు ఆట సమావేశాల మధ్య గేమ్ మాస్టర్ ఆ పక్షాల ఎత్తుగడలను విడిగా ఆడి చూస్తాడు. పాత్రలు వేరే చంద్రుడి మీద ఉండగానే మాచర్ల వారి ప్రత్యర్థి నాగమ్మ పక్షం ఒక రేవును కొనేసి ఉండవచ్చు. ఈ నియమావళి సవరించిన కూర్పు 2017లో వచ్చింది. చాలా భాగం ఉచితంగా లభిస్తుంది.

ఆ గాథలో మనుషుల మాటపట్టింపులే కథను నడపాలనుకుంటే ఫేట్ మరింత దగ్గరి దారి. 2013 నాటి ఫేట్ కోర్ కూర్పులో పాత్రకు అంకెలతో పాటు ఆస్పెక్టులు, అంటే ఆ మనిషి స్వభావాన్నీ చిక్కునూ చెప్పే చిన్న వాక్యాలుంటాయి. ‘ఇచ్చిన మాటకు కట్టుబడి ఇల్లు పోగొట్టుకున్నవాడు’ అని రాసుకున్న ఆటగాడిని గేమ్ మాస్టర్ ఆ మాట దగ్గరే ఇరికించవచ్చు. ఇరుక్కోవడానికి ఒప్పుకున్నందుకు ప్రతిఫలంగా ఒక ఫేట్ పాయింట్ దక్కుతుంది, తరువాత ఒక పాచిక ఫలితాన్ని మార్చుకోవడానికి అది ఉపయోగపడుతుంది. ఆస్పెక్టులు మాటలే కనుక వాటిని తెలుగు నుడికారంలో రాసుకోవచ్చు, ఇంగ్లీషు పుస్తకాల మధ్య ఇది చిన్న సదుపాయం కాదు. ధర పతనపు భయాన్ని మాత్రం ఫేట్ ట్రావెలర్ అంత కచ్చితంగా పుట్టించలేదు.

సావేజ్ వరల్డ్స్ వేగంగా సాగే సాహసాలకు, మదర్‌షిప్ నౌకలో చిక్కుకున్నవారి భయానక కథలకు తగిన నియమావళులు. ఆ రుచి కోరేవారు ఆలోచించనక్కరలేదు. పాచికల సంగతి వేరు. సావేజ్ వరల్డ్స్‌కూ స్టార్స్ వితౌట్ నంబర్‌కూ నాలుగు నుంచి పన్నెండు, ఇరవై ముఖాల దాకా రకరకాల పాచికలు కావాలి. ట్రావెలర్‌కూ గర్ప్స్‌కూ వైకుంఠపాళి డబ్బాలోని ఆరు ముఖాల పాచికలే చాలు. ఫేట్‌కు ప్రత్యేక పాచికలున్నా, మామూలు పాచికపై 1, 2 పడితే లోటు, 3, 4 పడితే శూన్యం, 5, 6 పడితే లాభం అని లెక్కించుకోవచ్చు.

పుస్తకం కొనే ముందు ఒక్క సాయంత్రం ప్రయోగం చేయడం మేలు. ఉచితంగా దొరికే రెండు నియమావళులను తీసుకుని, ఒకే సన్నివేశాన్ని రెండింటితోనూ ఆడాలి: తేజ మిర్చి నింపిన నౌక పరాయి రేవు చేరింది, ధర సగానికి పడిపోయింది, ఇంజన్ మొరాయించింది, రేవు అధికారి పత్రాలు చూపమంటున్నాడు. ఆటగాళ్లు ఎక్కువసేపు ఏం మాట్లాడుకున్నారు, ఎన్నిసార్లు పుస్తకం తిరగేశారు, వాయిదా తేదీ గుర్తొచ్చి ఎవరి గొంతు మారింది అన్నవి రాసిపెట్టుకుంటే, రెండవ సమావేశానికి ఏ పుస్తకం వెంట తేవాలో ఆ కాగితమే చెబుతుంది.