పాత ఔట్‌బోర్డు మోటారు: గుర్తింపు, వెలకట్టుట

పడవ వెనుక అంచుకు మరలతో బిగించి, పని తీరిన పిమ్మట ఊడదీసి ఒడ్డునకు మోసికొని పోదగిన యంత్రమును ఔట్‌బోర్డు మోటారు అందురు. అమెరికాలో సరస్సుల ప్రక్కనున్న పాత ఇండ్ల కొట్లలో ఇట్టివి దుమ్ము పట్టి పడియుండుట కలదు. పాత సామానుల వర్తకుడు దానిని తూకమునకు కొనును. సంగతి తెలిసినవాడు వయస్సు, అరుదుతనము చూచి కొనును. ఈ రెండు వెలలకు నడుమనున్న అంతరము పెద్దది. తొందరపడి అమ్మినచో ధనమే కాక, యంత్రచరిత్రలోని ఒక ఆనవాలు కూడ కొలిమి పాలగును.

నార్వేలో 1877లో పుట్టి, విస్కాన్సిన్ రాష్ట్రములో పెరిగిన ఓలీ ఎవిన్‌రూడ్ మిల్వాకీ నగరమున ఇట్టి మోటారును నిర్మించి 1909లో అమ్మకమునకు పెట్టెను. డిట్రాయిట్‌లో కామెరాన్ వాటర్‌మన్ అంతకు ముందే ఒకటి చేసియుండెను. కాని లోకమున స్థిరపడినది ఎవిన్‌రూడ్ అమరిక. సిలిండరు అడ్డముగా, క్రాంకు షాఫ్టు నిలువుగా ఉండును. పైన ఫ్లైవీలు, అడుగున బెవెల్ పళ్ళచక్రములు ఉండును. నిలువు భ్రమణము ఈ చక్రముల వద్ద మలుపు తిరిగి, నీటిలోని ప్రొపెల్లరును త్రిప్పును. తొలి మోటారుకు ఒకే సిలిండరు. శక్తి ఒకటిన్నర అశ్వశక్తి. బరువు 62 పౌనులు, అనగా సుమారు 28 కిలోగ్రాములు. వ్యాపారపు లెక్కలు, ఉత్తరములు అతని భార్య బెస్ చూచుకొనెడిది.

పాత మోటారు చేతికి వచ్చినపుడు మొదట పేరు పలకను వెదకవలెను. దానిపై నమూనా సంఖ్య, వరుస సంఖ్య ఉండును. మురికిని తడిగుడ్డతో మెల్లగా తుడువవలెనే కాని, గరుకు కాగితముతో రుద్దరాదు. రుద్దినచో అంకెలతోపాటు వెల కూడ అరిగిపోవును. సంఖ్యలు దొరికిన యెడల వాటిని తయారీదారుల పట్టికలతో సరిచూడవచ్చును.

సంఖ్య చెరిగిపోయినను సంస్థ పేరు సహాయపడును. ఎవిన్‌రూడ్, ఎల్టో, లాక్‌వుడ్ సంస్థలు 1929లో కలిసి ఔట్‌బోర్డు మోటార్స్ కార్పొరేషన్ అయినవి. కావున ఆ పేరున్న మోటారు 1929కి పూర్వపుది కాజాలదు. అయితే ఒక మోటారు పలకను మరియొకదానికి బిగించుటయు కలదు. అందువలన నిర్మాణమును కూడ పరీక్షింపవలెను. ఫ్లైవీలుపై చేతితో పట్టి త్రిప్పు పిడి ఉన్నచో అది తొలి తరము లక్షణము. ముందు వెనుకల గేరు, విడిగా నుండు పెట్రోలు టాంకు సాధారణముగా రెండవ ప్రపంచయుద్ధము తరువాతి లక్షణములు. పలక ఒకటి చెప్పి, నిర్మాణము వేరొకటి చెప్పినచో అనుమానింపవలెను.

వెల కట్టుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. భాగములన్నియు ఉన్నవా? ఫ్లైవీలు తిరుగుచున్నదా? రంగు, అక్షరములు మొదటివేనా? స్పార్కు ప్లగ్గు బిగించియుండగా ఫ్లైవీలును మెల్లగా త్రిప్పినపుడు ఒకచోట గాలి బిగువు చేతికి తెలియవలెను. అసలు తిరుగనిచో సుత్తితో కొట్టరాదు. ప్లగ్గు రంధ్రములో పలుచని నూనె పోసి, కొన్ని దినములు ఓపిక పట్టవలెను. గేరు పెట్టెలో పగుళ్ళను కూడ చూడవలెను. శీతల దేశములలో లోపలి నీరు గడ్డకట్టి, తన ఘనపరిమాణములో సుమారు నూటికి 9 వంతులు పెరిగి, లోహమును చీల్చును. ఉప్పునీట వాడిన అల్యూమినియమును తుప్పు తినివేయును. నీటిలో ముంచక మోటారును నడిపి చూడరాదు; చల్లబరచు నీరు లేక అది చెడును.

ఇక ధర. అమ్మువారు అడుగు ధర వేరు, నిజముగా అమ్ముడైన ధర వేరు, రెండవదే ప్రమాణము. బాగుపడిన మోటారు 100 పాళ్ళు పలుకుననుకొందము. భాగములకు 35, పనికి 25 పాళ్ళు కావలసియున్నచో, ఉన్న స్థితిలో దాని విలువ 40కి మించదు. వయస్సు ఒక్కటే వెలను పెంచదు. వేలకొలది తయారైన పాతది చౌకగా దొరకవచ్చును. కొద్దిగా తయారై, చెక్కు చెదరక మిగిలినది ఎక్కువ పలుకవచ్చును. కొత్త రంగు పూసి మెరిపించుట తరచు నష్టమే, ఏలనన మొదటి రంగు ఒకసారి పోయిన మరల రాదు.

కనుక పాత మోటారు దొరికినవారు మొదట సంఖ్యలను వ్రాసికొని, నలువైపుల ఛాయాచిత్రములు తీయించి, ఆ పిమ్మటనే పానా చేతబట్టుట మేలు.