చెవులు కప్పాం, ముక్కు వదిలేశాం

ఉత్తర ధ్రువానికి చేరువలో, నార్వే పాలనలో ఉన్న స్పిట్స్‌బెర్గెన్ దీవిలో ఒక బొగ్గుగనుల ఊరుంది. 1930లో అక్కడ ఉన్నది సుమారు 500 మంది. శీతాకాలంలో సముద్రం గడ్డకట్టి ఓడల రాకపోకలు ఆగిపోయేవి. మళ్లీ మంచు కరిగేదాకా ఆ ఊరికి కొత్త మనిషి వచ్చే దారే లేదు. పాల్, ఫ్రీజ్ అనే ఇద్దరు పరిశోధకులు జలుబు సంగతి తేల్చుకుందామని అమెరికా నుంచి వెళ్లి ఆ చలికాలం అక్కడే మకాం వేశారు. చలికి జలుబు చేసేదే అయితే ఆ ఊరు ఊరంతా మూలుగుతూ మంచాన పడాలి. జరిగింది వేరు. చలి ముదిరేకొద్దీ జలుబులు తగ్గిపోయాయి. నెలల తరబడి సూర్యుడే కనిపించని నడి శీతాకాలంలో తుమ్మే మనిషి దాదాపు లేడు. తర్వాత మే నెల వచ్చింది, ఎండ వచ్చింది, మొదటి ఓడ రేవుకు చేరింది. అప్పుడు మొదలైన పడిశం కొద్ది రోజుల్లోనే ఊరంతా పాకింది.

ఓడలో మనుషులతో పాటు వైరస్ దిగింది. చలి ఎంత ఉన్నా వైరస్ లేనిచోట జలుబు లేదు. ఇందులో ఇక వాదనకు తావు లేదు.

అయితే వైరస్ ఊళ్లోనే ఉంటే? అప్పుడు చలి దానికి తోడవుతుందా? అసలు తేల్చాల్సిన ప్రశ్న ఇదే. దీనికి జవాబు కోసం ఇంగ్లండులోని సాల్స్‌బరీ దగ్గర 1946లో మొదలైన జలుబు పరిశోధన కేంద్రంలో చాలా పాట్లు పడ్డారు. ఉచితంగా బస, భోజనం, కొంత చేతి ఖర్చు ఇచ్చి, వచ్చినవాళ్ల ముక్కుల్లో వైరస్ చుక్కలు వేసేవారు. సెలవులు గడపడానికి డబ్బుల్లేని కుర్రకారు సరదాగానే వచ్చేవారట. చలి సంగతి తేల్చడానికి అక్కడి పరిశోధకుడు క్రిస్టఫర్ ఆండ్రూస్ కొందరికి వేడినీళ్ల స్నానం చేయించి, ఒళ్లు తుడుచుకోనివ్వకుండా చల్లగాలి కొట్టే వరండాలో నిలబెట్టాడు. తర్వాత తడి మేజోళ్లు తొడిగించాడు. ఒక్క చలి మాత్రమే తగిలినవాళ్లకు ఏమీ కాలేదు. చలీ వైరసూ రెండూ తగిలినవాళ్లకు మొదటిసారి కాస్త ఎక్కువ జలుబులు వచ్చినట్టు అనిపించింది. మళ్లీ చేసి చూస్తే ఫలితం తిరగబడింది. 1968లో అమెరికాలోని టెక్సస్‌లో ఖైదీల మీద చేసిన పరీక్షలోనూ చలి వల్ల తేడా కనిపించలేదు. దాంతో చలికి జలుబు చేస్తుందన్న నమ్మకాన్ని వైద్యులు కొట్టిపారేయడం మొదలుపెట్టారు.

కొంచెం తొందరపడ్డారనే నా అభిప్రాయం. 2005లో బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ ఎకిల్స్, క్లెయిర్ జాన్సన్ 180 మందిని పిలిచి, సగం మంది పాదాలను 20 నిమిషాలు చన్నీళ్లలో పెట్టించారు. మిగతా సగం ఖాళీ తొట్టిలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. నాలుగైదు రోజుల్లో చన్నీళ్ల వాళ్లలో 13 మంది జలుబు చేసిందన్నారు, ఖాళీ తొట్టి వాళ్లలో అయిదుగురు. ఎవరి ముక్కులోనూ వైరస్ చుక్కలు వేయలేదు. అప్పటికే కొందరిలో వైరస్ చప్పుడు లేకుండా ఉందనీ, కాళ్లు చల్లబడగానే ముక్కులోని రక్తనాళాలు ముడుచుకుని కాపలా సన్నగిల్లిందనీ ఎకిల్స్ ఊహ. ఈ పరీక్షలో పెద్ద లోపం ఒకటుంది. చన్నీళ్లలో కాళ్లు పెట్టిన మనిషికి ఆ సంగతి తెలుసు, చిన్నప్పటి నుంచి విన్న మాటా గుర్తుంది. అలాంటివాడు ఒక్క తుమ్ము తుమ్మినా జలుబే అంటాడు. ముక్కులో నిజంగా వైరస్ ఉందో లేదో ఎవరూ పరీక్షించలేదు కూడా.

గట్టి ఆధారం ముక్కు లోపలే దొరికింది. ఒంటి వేడి 37 డిగ్రీల సెల్సియస్ అయితే, బయటి గాలి తగులుతుంటుంది కనుక ముక్కు లోపల 33 నుంచి 35 దాకా ఉంటుంది. జలుబుకు అన్నిటికంటే ముఖ్య కారణమైన రైనోవైరస్‌కు ఆ 33 డిగ్రీలే ఇష్టం. ప్రయోగశాలలో దీన్ని బాగా పెంచాలంటే వేడి తగ్గించాలని సాల్స్‌బరీలో డేవిడ్ టిరెల్ బృందం 1960లోనే గుర్తించింది. ఎందుకన్నది చాలాకాలం తెలియలేదు. 2015లో యేల్ విశ్వవిద్యాలయంలో ఎలెన్ ఫాక్స్‌మన్, అకికో ఇవసాకి ఎలుకల శ్వాసనాళాల కణాలతో పరీక్షించి చూస్తే, వైరస్ బలం సగం కథేనని తేలింది. వైరస్ చొరబడగానే కణం ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్ విడుదల చేసి ఇరుగుపొరుగు కణాలను హెచ్చరిస్తుంది. 37 డిగ్రీల దగ్గర ఈ హెచ్చరిక జోరుగా సాగింది, 33 దగ్గర మందగించింది. ఈ రక్షణ వ్యవస్థలోని జన్యువులు లేని కణాల్లోనైతే 37 దగ్గర కూడా వైరస్ దర్జాగా పెరిగింది.

2022 చివర్లో బోస్టన్ నుంచి మరో సంగతి బయటికొచ్చింది. ముక్కు ముందు భాగంలోని కణాలు సూక్ష్మమైన తిత్తులను గుంపులుగా వదులుతాయి. వైరస్ కణానికి అతుక్కోబోయి, పొరపాటున వాటికి అతుక్కుంటుంది. సుమారు నాలుగున్నర డిగ్రీల చలిలో 15 నిమిషాలు ఉన్నవారి ముక్కు లోపల వేడి అయిదు డిగ్రీలు పడిపోయింది. అంతే తగ్గుదలను ప్రయోగశాలలోని కణాల మీద చూస్తే, అవి వదిలే తిత్తుల సంఖ్య 40 శాతానికి పైగా తగ్గింది.

లెక్క ప్రకారం కప్పాల్సింది ముక్కును. మనమేమో మంకీ క్యాపుతో చెవులు, నెత్తి, గడ్డం అన్నీ మూసి, సరిగ్గా ముక్కునే బయటపెట్టి లంబసింగి మంచులో ఫొటోలు దిగుతాం.

చలిని అనవసరంగా నిందించే సందర్భాలూ ఉన్నాయి. చల్లగాలి పీల్చగానే కారే ముక్కు జలుబు కాదు. ఆ గాలిని తడిపి వెచ్చబరచడానికి ముక్కు పడే అవస్థ అది, లోపలికి రాగానే ఆగిపోతుంది. ఇంకో తికమక కూడా ఉంది. వైరస్ పట్టిన తొలి గంటల్లో ఒంట్లో చలిగా అనిపిస్తుంది, మర్నాడు ముక్కు కారుతుంది. నిన్న చలి తగిలింది, అందుకే ఇవాళ పడిశం అనుకుంటాం. నిజానికి ఆ చలి జబ్బులో భాగమే.

మరి మనలాంటి వేడి దేశంలో ఈ చలి లెక్క ఎంతవరకు పనికొస్తుంది? జలుబుకు దాయాది అయిన ఫ్లూ సంగతి చూడండి. శ్రీనగర్‌లో అది శీతాకాలంలో విజృంభిస్తుంది. మన దేశంలో చాలాచోట్ల మాత్రం వానాకాలంలోనే ఎక్కువ. న్యూయార్క్‌లో ఆనిస్ లోవెన్, పీటర్ పలీస్ గినీ పందులను వేర్వేరు బోనుల్లో పెట్టి చూసినప్పుడు, 5 డిగ్రీల చలిలో ఫ్లూ గాలి గుండా సులువుగా పాకింది, 30 డిగ్రీల దగ్గర పాకనే లేదు. మరుసటి ఏడు, 2008లో, వాటిని ఒకే బోనులో ఉంచారు. ఒకదాన్నొకటి రాసుకుని తిరిగే ఆ జంతువుల్లో 30 డిగ్రీల వేడిలోనూ ఫ్లూ హాయిగా అంటుకుంది.