తెలంగాణలో అన్నిటికన్నా ఎత్తు: డోలిగుట్ట

పాతబస్తీలో ఎత్తు అనగానే గుర్తొచ్చేది చార్మినార్. మినార్ లోపల చుట్టూ తిరుగుతూ పైకెళ్లే మెట్లు 149. ఆ తర్వాత ఫలక్‌నుమా. పైగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేసిన ఈ ప్యాలెస్ రెండు వేల అడుగుల కొండ మీద ఉందని అందరూ చెబుతారు. అది సముద్రమట్టం నుంచి తీసిన లెక్క. హైదరాబాద్ నేలే సగటున 542 మీటర్లు, అంటే దాదాపు 1,780 అడుగుల ఎత్తున ఉంది. ఆ నేల మీద నుంచి చూస్తే ఫలక్‌నుమా కొండకు మిగిలేది రెండు వందల పైచిలుకు అడుగులే!

రాష్ట్రంలోకెల్లా ఎత్తయిన డోలిగుట్ట విషయంలో ఇదే లెక్క తిరగబడుతుంది. గోదావరి అవతల, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవుల్లో ఉన్న ఈ గుట్ట ఎత్తు 965 మీటర్లు. హైదరాబాద్ సగటు ఎత్తుతో పోలిస్తే తేడా 423 మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ అక్కడ గోదావరి గట్టు సముద్రమట్టానికి వంద మీటర్ల అటూ ఇటూ మాత్రమే. నది ఒడ్డు నుంచి కొస దాకా ఎనిమిది వందల మీటర్లకు పైగా ఎక్కాలి. గోల్కొండ కొండ 120 మీటర్లు, 380 మెట్లు. అలాంటి గోల్కొండలు ఏడింటిని ఒకదానిమీద ఒకటి నిలబెట్టినంత ఎక్కుడన్నమాట.

పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో తూర్పు కనుమల అర్మకొండ 1,680 మీటర్లు. ఎత్తులో మనది చిన్నదే. వయసులో మాత్రం మన బండలకు సాటి తక్కువ. గోల్కొండ, మౌలాలి, మీర్ ఆలం చెరువు పక్కన మీర్ మహమూద్ పహాడీ, ఇవన్నీ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. హిమాలయాలు లేవడం మొదలై ఐదు కోట్ల ఏళ్లే.

ఆ హిమాలయాల మకుటానికి పేరిచ్చిన మనిషి మన ఊళ్లో పనిచేశాడని చాలామందికి తెలియదు. దేశాన్ని త్రిభుజాలుగా విడగొట్టి కొలిచిన మహా సర్వేకు అధిపతి విలియం లాంబ్టన్. 1818లో జార్జ్ ఎవరెస్ట్ ఆయనకు ముఖ్య సహాయకుడిగా హైదరాబాద్ వచ్చి చేరాడు. వెంటనే అప్పగించిన పని కృష్ణా గోదావరుల మధ్య అడవులను కొలవడం. అక్కడి విషజ్వరం ఆయన్ను పడగొట్టింది. 1820లో కోలుకోవడానికి ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్ దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లకు, 1850లలో, రాధానాథ్ సిక్దార్ లెక్కలతో ప్రపంచంలోనే ఎత్తయిన శిఖరం ఏదో తేలింది. 1865లో దానికి ఎవరెస్ట్ పేరు ఖాయమైంది. ఆ పేరు వద్దని అభ్యంతరం చెప్పినవాళ్లలో ఎవరెస్ట్ కూడా ఉన్నాడు.

ఆ శిఖరాన్ని 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. అంత చిన్న వయసులో ఎవరెస్ట్ ఎక్కిన ఆడపిల్ల మరొకరు లేరు. తోడుగా ఎక్కినవాడు ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. బండ ఎక్కడం నేర్చింది భువనగిరి కోట బండ మీద. సరిగ్గా ఎనిమిది రోజులకు, జూన్ 2న, తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది.

కొండలతో మనకు ఇంత చరిత్ర ఉండి కూడా డోలిగుట్ట పేరు మన పిల్లల నోట వినబడదు. అందుకు కారణం ఉంది. ఆ సరిహద్దు కొండల్లో మావోయిస్టులకూ భద్రతా దళాలకూ ఏళ్ల తరబడి పోరు సాగింది. సరదాగా బయల్దేరి ఎక్కే చోటు కాదది. అటువైపు వెళ్లేవాళ్లు వాజేడు మండలంలోని బొగత జలపాతం చూసి వెనుదిరుగుతారు. అటవీ శాఖ స్థానిక గిరిజన యువకులనే గైడ్లుగా పెట్టి, క్షేమంగా పోయి వచ్చే దారి ఒకటి వేయించాలి. ఎవరెస్ట్ ఎక్కిన పిల్లలున్న రాష్ట్రానికి సొంత కొండకొసకు దారి వేయడం పెద్ద పనేమీ కాదు.