డీజిలు పొగకు చికిత్స

నిండు బరువుతో లారీ మిట్ట యెక్కునపుడు దాని వెనుక నల్లని పొగ లేచుట మనమందరము చూచినదే. డీజిలు ఇంజనులో గాలిని గట్టిగా అదిమి, ఆ వేడిలోనికి ఇంధనమును తుంపరగా చిమ్ముదురు. తుంపర నడుమ గాలి చాలనిచోట డీజిలు పూర్తిగా కాలక మసి యగును. మంటను మరింత వేడెక్కించిన మసి తగ్గును గాని, ఆ వేడికి గాలిలోని నత్రజని ప్రాణవాయువుతో కూడి విషవాయువులగును. ఒకదానిని అణచిన రెండవది తల యెత్తును. కావుననే పొగగొట్టములోనే చికిత్స చేయవలసివచ్చినది.

కంటికి కనబడు నలుపుకన్న కనబడని నలుసులు ఊపిరితిత్తులలోనికి మరింత లోతుగా పోవును. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థ 2012లో డీజిలు పొగను మానవులకు కేన్సరు కలిగించువాని పట్టికలో చేర్చినది.

పొగకు మొదట ఎదురగునది ఉత్ప్రేరకము. తేనెపట్టువంటి దిమ్మెకు ప్లాటినము, పల్లాడియము పూసియుందురు. కార్బన్ మోనాక్సైడు, కాలని ఇంధనపు ఆవిరి అచ్చట బొగ్గుపులుసు వాయువుగను, నీటి ఆవిరిగను మారును. మసి మాత్రము చాలవరకు దాటిపోవును. దానికే వడపోత.

వడపోతయు పింగాణి తేనెపట్టే. అయితే దీని గదులకు ఒకటి విడిచి ఒకటిగా కొసలు మూసియుందురు. ఒక గదిలో ప్రవేశించిన పొగకు ఎదుట దారి లేదు. సన్నని రంధ్రములుగల ప్రక్కగోడను దూరి పొరుగు గదిలోనుండి వెలువడవలెను. మసి గోడకు అంటి నిలిచిపోవును. నిలిచిన మసిని ఏమి చేయవలెను? అది తనంతట కాలుటకు సుమారు 600 డిగ్రీల వేడి కావలెను; పొగ సాధారణముగా అంత వేడిగా నుండదు. ఇక్కడనే డీజిలులో కలుపు మందు అక్కరకు వచ్చినది. 2000లో ఫ్రాన్సు దేశపు పెజో కంపెనీ తన 607 కారులో వడపోతను అమర్చి, సీరియము అను లోహపు సమ్మేళనమును ఇంధనములో కొలతగా కలిపినది. మసితోపాటు వడపోతలో చేరిన సీరియము, ఇంచుమించు 450 డిగ్రీలకే దానిని అంటుకొనజేయును. మరికొందరు ఉత్ప్రేరకమును వడపోత గోడకే పూసిరి.

నత్రజని వాయువులకు మందు మన రైతు లెరిగినదే, యూరియా. 32.5 శాతము యూరియాగల నీటిని వేడిపొగలో చిమ్మగా అమ్మోనియా పుట్టును; అది మరియొక ఉత్ప్రేరకముపై ఆ వాయువులను మామూలు నత్రజనిగను, నీటిగను మార్చును. పొలములో చల్లు యూరియాను బిందెలో కరగించి పోయదలచిన వారికి ఒక మాట: అందలి మలినములు ఉత్ప్రేరకమును చెరచును.

ఈ యేర్పాటులన్నిటికిని శత్రువు గంధకము. భారతదేశమున 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 నియమములు అమలైనపుడు, డీజిలులో గంధకపు పరిమితిని పదిలక్షలకు 50 పాళ్ళనుండి 10 పాళ్ళకు తగ్గించిరి. ఇంధనము శుద్ధము కానిచో ఎంత వెలగల సాధనమైనను వ్యర్థమే యని మా అభిప్రాయము.

పట్టణములో కొద్ది దూరములే తిరుగు బండిలో పొగ వేడెక్కక వడపోత నిండును. హెచ్చరిక దీపము వెలుగును. అపుడు రహదారిపై కొంతసేపు ఆగక నడిపిన మసి చాలవరకు కాలును. ఇంజను ఆయిలు వలన చేరిన బూడిద మాత్రము కాలదు; దానిని తీసి శుభ్రపరపించవలెను. ఖర్చునకు వెఱచి వడపోతనే పెరికించువారు కలరు. వారి బండి పొగ తిరిగి వీధి పాలగును.

పాత లారీలకు ఈ సాధనములు లేవు. గాలి జల్లెడను శుభ్రముగా నుంచి, ఇంధనము చిమ్ము నాజిళ్ళను సరిచేయించి, మోయదగిన బరువే యెక్కించినచో వానినుండి వచ్చు మసియు కొంత తగ్గును.