మామగారి చెవులు

మా నాయుడుపేటలో పక్కింటి కోడలికి మూడో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టింది. కబురు అందగానే అత్తగారు ఆ పిల్ల పుట్టింటివాళ్ళనందరినీ దులిపేశారు.

“మీరైనా చెప్పండి, అయ్యవారూ!” అన్నారు నన్ను చూసి.

నేను చదివింది తెలుగు ఎమ్మే. అయినా ఈమాత్రం తెలుసు గనుక చెప్పాను. తల్లి ఏ బిడ్డకైనా ఇచ్చేది ఎక్స్ క్రోమోజోమే. తండ్రినుంచి ఎక్స్ వస్తే ఆడపిల్ల, వై వస్తే మగపిల్లవాడు. పిండిపురుగులను పరిశీలించి అమెరికా వనిత నెటీ స్టీవెన్స్ 1905లోనే ఈ గుట్టు విప్పింది. మగపోకడకు నాంది పలికే జన్యువు వైమీద ఉన్నదని 1990లో తేలింది.

అరుగుమీద కూర్చున్న మామగారి చెవులనిండా వెంట్రుకలే! నాకు ద్రోణంరాజు కృష్ణగారు గుర్తుకొచ్చారు. పిఠాపురంలో పుట్టి హాల్డేన్‌కు శిష్యుడైన ఆయన, ఆంధ్ర కుటుంబాలను పరిశీలించి, ఈ వెంట్రుకలు వై వెంట తండ్రినుంచి కొడుక్కి వస్తాయని 1960లో రాశారు. పాఠ్యపుస్తకాలూ ఒప్పుకున్నాయి. తీరా 2004లో దక్షిణాది మగవారి వైలను పరీక్షిస్తే, చెవివెంట్రుకలున్నవారికీ లేనివారికీ తేడా కనబడలేదు! శాస్త్రం తన మాట తానే దిద్దుకుంటుంది. అత్తగార్లకే అది కష్టం.

“అయితే తప్పు మావాడిదా?” అన్నారావిడ.

“ఎవరిదీ కాదమ్మా. ఎక్స్ చేరుతుందో వై చేరుతుందో అతని చేతిలో మాత్రం ఉందా?”

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత వెంకటగిరి బస్సు ఎన్నింటికని అడిగారు.